ఔషధము ఎవరి సొత్తు?

రోగి ప్రాణమును నేడు రెండు శక్తులు నిర్ణయించుచున్నవి. ఒకటి వ్యాధి, రెండవది వెల. వ్యాధి ప్రకృతివలన వచ్చినది. దానిపై కోపించి ప్రయోజనము లేదు. వెల యన్ననో మనుష్యులు కూర్చుండి కాగితముపై వ్రాసినది. వ్రాసిన చేతిని ప్రశ్నింపవచ్చును, వ్రాతను కొట్టివేయవచ్చును. ఐనను మన జనులు వ్యాధిని తలవ్రాత యని యెంచినట్లే వెలను గూడ తలవ్రాత యని యెంచి, ఇల్లు తాకట్టుపెట్టి, పొలమమ్మి, తుదకు మందు మానివేసి, నోరు మెదపక ఇంటికి మరలుచున్నారు. ఈ మౌనము తగదని చెప్పుటకే నేడు మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

రాచపుండు చికిత్సలో "ఎపిజెనెటిక్ ఔషధములు" అను మాట యిటీవల తఱచుగా వినబడుచున్నది. దానిని విని కొందఱు మహాద్భుతమని పొంగిపోవుచున్నారు. కొందఱు ధనికుల విలాసమని పెదవి విఱుచుచున్నారు. ఇరువురును విషయమును విచారించినవారు కారు. ఈ మందు లెట్టివి? వీనిని కనుగొన్నవా రెవరు? వీనిపై వెల నిర్ణయించు అధికార మెవరికి ఎట్లు వచ్చినది? ఈ మూడు ప్రశ్నలకును క్రమముగా సమాధానము చెప్పుకొన్నగాని మన కర్తవ్యము మనకు బోధపడదు.

ముందు శాస్త్రమును చూతము. మన దేహమందలి కణము లన్నిటిలోను దాదాపుగా నొకే జన్యుగ్రంథ మున్నది. కంటిలోని కణమునకును కాలేయములోని కణమునకును గ్రంథము వేఱు కాదు. మఱి యొకటి చూచుటయు, వేఱొకటి పైత్యరసము నూరించుటయు ఎట్లు? న్యాయస్థానములతో పరిచయమున్నవారి కిది సులభముగా తెలియును. శాసనగ్రంథ మొకటే, ప్రతి జిల్లాలోను అదే ప్రతి. కాని ఏ జిల్లాలో ఏ ప్రకరణము అమలులో నుండవలయునో, ఏది నిలిపివేయబడెనో తెలుపు ఉత్తరువులు వేఱుగా నుండును. కణములోను అట్టి ఉత్తరువులే కలవు. డి.ఎన్.ఏ. పోగుపై మిథైలు అను చిన్న రసాయనపు గుంపును ముద్రవలె నంటించుట యొక ఉత్తరువు. ముద్రపడిన చోట గ్రంథము చదువబడదు. ఆ పోగును హిస్టోనులను ప్రోటీనుల కండెలకు బిగించి చుట్టుట, లేక వదులుచేయుట మఱియొక ఉత్తరువు. గ్రంథములో అక్షరము మాఱకయే పఠనము మాఱు నీ విధానమునకే నేడు ఎపిజెనెటిక్ అను పేరు. ఈ శాస్త్రమునకు పేరు పెట్టినవాడు ఇంగ్లండు దేశపు వాడింగ్టన్, సంవత్సరము 1942.

రాచపుండు కణములో జరుగు ద్రోహము రెండు తెఱగులది. కొన్ని చోట్ల గ్రంథమే చినిగిపోవును; అక్షరములే తాఱుమాఱగును. కొన్ని చోట్ల గ్రంథము చక్కగా నుండగనే దొంగ ఉత్తరువులు పుట్టును. కణము మితిమీఱి పెరుగకుండ అదుపుచేయు ప్రకరణముపై ముద్ర పడును. అది నోరు మూసుకొనును. కణము అదుపు తప్పును. ఇందు శోచనీయ మెంతయో ఆశాజనకమును అంతయే కలదు. చినిగిన పుటను అతుకుట దుష్కరము. అంటించిన ముద్రను ఊడదీయుట సాధ్యము. ఆ ముద్రను ఊడదీయుటకో, ముద్రలు వేయు కర్తను బంధించుటకో ఉపయోగపడు చిన్న రసాయనములే మేము చెప్పుచున్న ఔషధములు.

"చిన్న" అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలయును. ఇవి జీవకణములలో పెంచి తీయవలసిన పెద్ద ప్రోటీనులు కావు. రసాయనశాలలో అంచెలంచెలుగా కూర్చదగిన చిన్న అణువులు. నేర్పుగల రసాయనజ్ఞుడును, శుభ్రమైన కర్మాగారమును, కఠినమైన తనిఖీయును ఉన్నచో ఏ దేశమందైనను తయారుచేయవచ్చును. కాబట్టి వీని కొఱతకు కారణము వస్తువులో లేదు. మఱెచ్చట నున్నదో చూతము.

ఈ జాతి ఔషధములలో జ్యేష్ఠమైన అజాసైటిడిన్ చరిత్రమును విచారింతము. ఇది పుట్టినది ధనవంతుని కంపెనీలో కాదు. ప్రాగ్ నగరమున, చెకోస్లొవేకియా విజ్ఞాన అకాడమీవారి రసాయనశాలలో, పిస్కాలా, షోర్మ్ అనువారు దీనిని కూర్చి 1964లో లోకమునకు వెల్లడించిరి. దీని తోబుట్టువైన డెసిటబిన్ కూడ ఆ సంవత్సరమే ఆ శాలలోనే వెలువడినది. అటుపిమ్మట 1970ల నుండి అమెరికా ప్రభుత్వపు జాతీయ క్యాన్సరు సంస్థ తన వ్యయముతో దీనిని రక్తపు క్యాన్సరు రోగులపై పరీక్షింపించినది. అప్పటి వైద్యుల భావ మొకటే: ఇది విషము; విషము ఎక్కువైన కొలది క్యాన్సరు కణములు ఎక్కువగా చచ్చును. అందుచే రోగి యోర్వగలిగినంత పెద్ద మోతాదు నిచ్చిరి. ఫలము కొంత కనబడినను బాధ మిక్కుట మయ్యెను. 1982లో అమెరికా ఔషధాధికారులు దీనికి అనుమతి నిరాకరించిరి.

కాని ఆ లోపలనే లాస్ ఏంజిలిస్ నగరమున నొక వింత కనబడినది. పీటర్ జోన్స్, షర్లీ టేలర్ అను శాస్త్రజ్ఞులు ఎలుక పిండమునుండి తీసిన కణములకు ఈ మందును కొద్దిగా నిచ్చిరి. కణములు చావలేదు, స్వభావము మార్చుకొని కండరపు కణము లయ్యెను. 1980లో వారు దీని రహస్యమును ప్రకటించిరి. ఈ మందు డి.ఎన్.ఏ.లోని సైటోసిన్ అను అక్షరమును పోలియుండును. కణము మోసపోయి దీనిని తన క్రొత్త గ్రంథములో చేర్చుకొనును. ముద్ర వేయుటకు వచ్చిన ఎంజైము గాలమునకు చిక్కిన చేపవలె దానికి చిక్కుకొని మఱి విడివడజాలదు. ముద్రలు వేయువాడు లేనందున కణము విభజింపబడినకొలది ముద్రలు పలుచనగును. మూగవోయిన జన్యువులు మరల పలుకును. అనగా ఈ మందు యొక్క అసలు బలము చంపుటలో లేదు. తప్పు ఉత్తరువును రద్దుచేయుటలో నున్నది. అట్టి పనికి పెద్ద మోతాదు అనవసరము. చిన్న మోతాదు, పదేపదే, ఓపికతో ఈయవలయును.

ఈ సత్యము చికిత్సగా మాఱుట కెంత కాలము పట్టినదో చూడుడు. న్యూయార్కులో సిల్వర్మన్ మొదలగు వైద్యులు, ప్రభుత్వ సహాయముతో నడచు వైద్యసంఘ మొకటి, ఎముకల మూలుగ చెడి రక్తము చక్కగా తయారుకాని మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోము అను వ్యాధిలో దీనిని చిన్న మోతాదులతో పరీక్షించిరి. 191 మంది రోగులపై జరిగిన ఆ పరీక్ష ఫలితములు 2002లో ప్రకటింపబడెను. మందు పొందినవారిలో నూటికి 60 మందికి మేలు కనబడగా, కేవలము ఉపచారములు పొందినవారిలో నూటికి 5 గురికే కనబడెను. 2004 మే నెలలో అమెరికా అధికారులు అనుమతి నిచ్చిరి. 2009లో ప్రకటింపబడిన మఱియొక పరీక్షలో, తీవ్రస్థితిలో నున్న 358 మంది రోగులను రెండు తెగలుగా చూడగా, మందు పొందిన తెగలో మధ్యస్థ జీవితకాలము 24.5 నెలలు, పాత చికిత్సలు పొందిన తెగలో 15 నెలలు అని తేలెను.

1964 నుండి 2004 వరకు నలువది యేండ్లు! ఈ నలువది యేండ్లలో ఎవరెవరి చెమట ఇందు కలిసినది? ప్రాగ్ నగరపు జీతగాండ్రైన శాస్త్రజ్ఞులది, విశ్వవిద్యాలయములది, పన్నులు కట్టిన సామాన్య ప్రజలది, అన్నిటికంటె మిన్నగా, ఫలము తమకు దక్కునో దక్కదో తెలియకయే తమ దేహములను పరీక్షకు ఒప్పగించిన రోగులది. మఱి విక్రయాధికారము నంటిపెట్టుకొన్న కంపెనీ యెప్పుడు వచ్చినది? 2001లో. ముఖ్యమైన పరీక్ష జరిగిన పిమ్మట హక్కులు సంపాదించి, కాగితములు చక్కబెట్టి, అనుమతి తెచ్చుకొని, 2004లో అమ్మకము ప్రారంభించినది. కాగితములు చక్కబెట్టుటయు పనియే. దానికి కూలి ఈయవలయును. కాని కోత కోసినవాడు పొలమంతయు నాదే యనుట ఏ ధర్మము?

ఇందు న్యాయశాస్త్ర రీత్యా మఱియొక విశేషము. ఆ వస్తువు ఎన్నడో లోకమునకు తెలిసినదగుటచే దానిపై మూలపేటెంటు లేదు. ఐనను అరుదైన వ్యాధులకు మందు తెచ్చువారి నుత్సహింపజేయుటకై అమెరికా శాసన మొకటి ఏడేండ్ల ఏకస్వామ్యమును ప్రసాదించుచున్నది. ఆ నీడలో, తాము కనుగొనని వస్తువునకు తాము ఏకైక విక్రేతలైరి. 2008లో ఆ కంపెనీని మఱియొక కంపెనీ సుమారు 290 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కొన్నదానిని 2019లో ఇంకను పెద్ద కంపెనీ సుమారు 7,400 కోట్ల డాలర్లకు కొన్నది. ప్రాగ్ రసాయనశాల పేరు ఈ విక్రయపత్రములలో నెచ్చట నైనను కలదా? లాస్ ఏంజిలిస్ ఎలుక కణములకు వెల కట్టినవా రెవరు? అమ్మకము జరిగిన ప్రతిసారియు కొన్నవాడు తన పెట్టుబడిని రోగి శయ్యనుండియే రాబట్టుకొనును. ఇదియే రహస్యము.

ఇది యొక్క మందు కథ మాత్రమే యని యెవరైన నందురేమో. రెండవదానిని చూడుడు. 1971లో షార్లట్ ఫ్రెండ్ అను విదుషి ఎలుక రక్తపు క్యాన్సరు కణములకు ఒక సామాన్య ద్రావకమును తగిలింపగా అవి బుద్ధి తెచ్చుకొని సాధారణ రక్తకణములవలె పండుట మొదలిడెను. ఈ సూచననుబట్టి పాల్ మార్క్స్, రిఫ్కిండ్ అనువారును, కొలంబియా విశ్వవిద్యాలయపు రసాయనజ్ఞుడు బ్రెస్లోయును ఏండ్ల తరబడి అణువు వెనుక అణువును కూర్చి, తుదకు వొరినోస్టాట్ అను మందును సాధించిరి. అది హిస్టోను కండెలపై పోగును బిగించు ఎంజైము నడ్డగించును. 2001లో ఒక చిన్న కంపెనీ ఏర్పడినది. 2004లో పెద్ద కంపెనీ దానిని కొన్నది. 2006లో చర్మమున పుట్టు ఒకజాతి లింఫోమాకు అనుమతి లభించినది. ముప్పదియైదేండ్ల పయనములో వర్తకుడు తోడు నడచినది చివరి యైదేండ్లే.

ఇక ప్రతివాది వాదమును విందము; ఎదుటివాని మాట వినక తీర్పు చెప్పుట మా వృత్తిధర్మము కాదు. వారందురు: "పది మందులలో ఒకటి నెగ్గును, తొమ్మిది యోడును. ఓడినవాని నష్టమును నెగ్గినదానిపై రాబట్టక తప్పదు." ఇందు సత్యము లేకపోలేదు. పానోబినోస్టాట్ అను మందు 2015లో మైలోమాకు త్వరిత అనుమతి పొందినది. అనుమతితోబాటు విధింపబడిన తదుపరి పరీక్షలు పూర్తికాకయే 2022లో అమెరికాలో ఆ అనుమతి రద్దయినది. పెద్ద పరీక్షలు నడపుటకు ధనము వలయును, ఓడుట సహజము. మేము కాదనము.

కాని ఈ వాదము నిలువవలెనన్న ఒక షరతు కలదు: లెక్కలు చూపవలయును. ఏ మందునకు ఎంత వ్యయమైనది? అందు ప్రభుత్వధన మెంత? స్వధన మెంత? ఓడినవాని నష్ట మెంత? ప్రకటనలకు, విక్రేతలకు, వాటాదారులకు పోయిన దెంత? న్యాయస్థానములో ఐదు రూపాయల బాకీకై దావా వేసినవాడు సైతము ఖాతా చూపక తప్పదే. వేలకోట్ల డాలర్ల బాకీని రోగులపై మోపువాడు ఖాతా మూసి "నమ్ముడు" అనునా? ఖాతా చూపని బాకీని మేము బాకీ యనము.

రెండవ వాదము మన వారిలోనే కొందఱు చేయునది. "ఈ మందులు వ్యాధిని నిర్మూలింపవు. కొన్ని నెలల ఆయువు పొడిగించును. బీదదేశమున దీనికై యింత తాపత్రయ మేల?" అందురు. వారికి మా సమాధానము: మందు గొప్పతనమును పెంచి చెప్పుట మాకిష్టము లేదు. ఇవి అన్ని క్యాన్సరులకు పనిచేయవు. రక్తమూలుగ వ్యాధులలో వీని ఉపయోగము ఎక్కువగా స్థిరపడినది. స్తనము, ఊపిరితిత్తులవంటి చోట్ల పుట్టు గట్టి కంతులలో ఇంకను మితమే. వీనివలన రక్తకణములు తగ్గుట, అంటువ్యాధులు సోకుట కలదు. టాజెమెటోస్టాట్ వంటి మందు వాడినవారిలో రెండవ క్యాన్సరు పుట్టు ప్రమాదమును దాని పత్రికయే హెచ్చరించినది. కాని "కొన్ని నెలలు" అను మాటను అంత తేలికగా ననగలవాడు ఆ నెలలు తనవి కానివాడే. తొమ్మిది నెలలలో కూతురి పెండ్లి జరుగును, మనుమడు పుట్టును, తెగని భూమి దావా తెగును, రక్తము ఎక్కించుకొనుటకై వారము వారము ఆస్పత్రికి పోవు అవస్థ కొందఱికి తప్పును. వెనెటోక్లాక్స్ అను మఱియొక చిన్న అణువుతో అజాసైటిడిన్‌ను కలిపి, బలమైన చికిత్సల కోర్వలేని వృద్ధరోగుల కిచ్చి చూడగా మధ్యస్థ జీవితకాలము 9.6 నెలలనుండి 14.7 నెలల కెదిగినదని 2020లో ప్రకటింపబడెను. మెట్టు చిన్నదని నిచ్చెనను త్రోసివేయువాడు మేడ యెక్కడు.

ఇచ్చటనే మఱియొక మోసమును హెచ్చరించుట మా విధి. మంచి పేరు పుట్టినంతనే దొంగ సరకు పుట్టును. "మీ జన్యువుల ముద్రలను మార్చెదము" అని పొడులను, కషాయములను, పథ్యముల పట్టికలను అమ్మువారు బయలుదేరినారు. పరీక్షింపబడిన మందు వెలకు అందనప్పుడే పరీక్షింపబడని పొడికి గిరాకి. కాబట్టి అధిక వెలను రక్షించువాడు తెలిసియో తెలియకయో ఈ వంచకునకు అంగడి తెఱచుచున్నాడు.

ఇక మన దేశమునకు వత్తము. ఈ పోరాటములో భారతదేశము నిరాయుధము కాదు. కాని తన ఆయుధమును తానే మఱచుచున్నది. 1959లో న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగారు పేటెంటు శాసనముపై నివేదిక సమర్పించిరి. దాని యాధారముతో 1970 శాసనము వచ్చి 1972లో అమలుజరిగినది. మందు అను వస్తువునకు పేటెంటు లేదు. తయారుచేయు పద్ధతికే కొద్దికాలము హక్కు. ఈ యొక్క సూత్రము వలననే మన రసాయనజ్ఞులు వేఱు పద్ధతులు కనిపెట్టి లోకమునకే చౌక మందుల నందించు స్థితికి వచ్చిరి. ప్రపంచ వాణిజ్య ఒప్పందముల యొత్తిడిచే 2005లో వస్తుపేటెంట్లు మరల వచ్చినవి. కాని ఆ సమయముననే పార్లమెంటు 3(డి) అను కాపుదలను శాసనమున నుంచినది. తెలిసిన వస్తువునకే ఉప్పును మార్చి, స్ఫటికరూపమును మార్చి, అధిక గుణము చూపక "క్రొత్తది" యని పేటెంటు కోరరాదని దాని భావము. 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టు, రక్తపు క్యాన్సరు మందైన ఇమాటినిబ్ స్ఫటికరూపమునకు పేటెంటు కోరిన నోవార్టిస్ కంపెనీ వాదమును త్రోసిపుచ్చి, గుణమనగా రోగిపై చికిత్సాగుణమే యని తీర్పు చెప్పినది.

అంతకు ముందు 2012 మార్చిలో మఱియొక చరిత్రాత్మక ఉత్తరువు వెలువడినది. కాలేయ, మూత్రపిండముల క్యాన్సరునకు వాడు సొరాఫెనిబ్‌ను నెలకు సుమారు రూ. 2,80,000లకు బేయర్ కంపెనీ అమ్ముచుండగా, హైదరాబాదునందలి నాట్కో కంపెనీకి తప్పనిసరి లైసెన్సు నీయబడెను. వెల నెలకు రూ. 8,880. ఆ మందు ఎపిజెనెటిక్ జాతిది కాదు, చిన్న అణువే. పాఠకులారా, ఆ రెండంకెలను ఒకదానిక్రింద నొకటి వ్రాసి చూడుడు. వస్తువదే, రోగియు ఆ రోగియే. రూ. 8,880లకు అమ్మినవాడును ధర్మసత్రము నడపలేదు. తన లాభము తాను చూచుకొన్నాడు. మీదుమిక్కిలి పేటెంటుదారునకు రాజభాగమును చెల్లించినాడు. మఱి తక్కిన రెండులక్షల డెబ్బదివేల పైచిలుకు దేని వెల? మందు వెల కాదు. ఏకస్వామ్యపు వెల. రోగి భయపు వెల.

మన ఎపిజెనెటిక్ మందులలోను ఇదే జరిగినది. అమెరికాలో అజాసైటిడిన్, డెసిటబిన్‌ల ఏకస్వామ్యములు తీఱిన పిదప, 2013లో ఆ రెండింటి జెనెరిక్ రూపములను ఆ దేశపు విపణిలో ప్రవేశపెట్టినది హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థ. తెలుగుదేశపు కార్మికులు, రసాయనజ్ఞులు తయారుచేసిన మందు అమెరికా రోగులకు అందినది. ఇది గర్వింపదగిన విషయమే. కాని గర్వము చాలునా? మన ఊరి కర్మాగారపు మందు మన తాలూకా రోగికి అందుచున్నదా యని యడుగవలదా?

అందుటకు వెల యొక్కటే యడ్డము కాదు. అజాసైటిడిన్‌ను ప్రతి 28 దినములలో 7 దినములు సూదిద్వారా ఈయవలయును. ఫలము కనబడుటకు నెలలు పట్టును. వ్యాధిని నిర్ణయించుటకు మూలుగ పరీక్ష, క్రోమొసోముల పరీక్ష కావలయును. నడుమ రక్తము, ప్లేట్‌లెట్లు అందుబాటులో నుండవలయును. శ్రీకాకుళమునుండియో ఆదిలాబాదునుండియో కూలివాడు నెలకొక వారము పట్టణములో బసచేసి, కూలి పోగొట్టుకొని, తోడువాని కూలియు పోగొట్టి, ఈ చికిత్సను పొందగలడా? మందు చౌకయై ఆస్పత్రి దూరమైనచో అది బావి త్రవ్వి చేద మఱచినట్లే.

ఇందును మార్గము లేకపోలేదు. 2012లో ముంబై టాటా స్మారక కేంద్రము ఆధ్వర్యమున ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లోని ఆస్పత్రులు విడివిడిగా కాక కలిసి 40 ఔషధములను కొనగా, మందునుబట్టి 23 శాతము మొదలు 99 శాతము వరకు వెల తగ్గినది. క్రొత్త శాసనము లేదు, విప్లవము లేదు, పది మంది కలిసి ఒక్క బేరమాడిరి, అంతియే. విడిగా పోయినవానికి చెప్పిన వెల యెంత బూటకమో దీనివలననే తెలియుచున్నది. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు తమ ఆస్పత్రులన్నిటికిని ఇట్టి సామూహిక క్రయమును విస్తరింపజేయుట కేమి యడ్డము?

జెనెరిక్ మందులు పాత మందులకే యుపశాంతి. ముందు వచ్చువాని మాట యేమి? జన్యువులో మార్పు కలిగిన ఐ.డి.హెచ్. అను ఎంజైము ఒక దుష్టరసాయనమును పుట్టించి ముద్రల నూడదీయు శక్తిని కుంటుపఱచునని 2009 ప్రాంతమున తెలిసినది. దాని నడ్డగించు ఎనాసిడెనిబ్‌కు 2017లోను, ఐవోసిడెనిబ్‌కు 2018లోను, మెదడు కంతులకై వొరాసిడెనిబ్‌కు 2024లోను అమెరికాలో అనుమతులు వచ్చినవి. రెవుమెనిబ్ అను మఱియొక తెగ మందు 2024లోనే వచ్చినది. ఈ క్రొత్త తరము చుట్టును పేటెంటుల కంచెలు లేచుచున్నవి. నేడు 3(డి)ని కాపాడుకొనకున్నచో, ప్రతి ఉప్పు మార్పునకును ప్రతి స్ఫటికమునకును ఒక్కొక్క కంచె లేచి, ఒక తరము రోగులు ఆ కంచె కీవలనే కన్ను మూయుదురు. వాణిజ్య సంధుల పేరిట ఈ కాపుదలను సడలింపుమని పరదేశములు అడుగుట క్రొత్త కాదు. అడిగినప్పుడెల్ల "లేదు" అనుట మన ప్రతినిధుల ధర్మము. అనునట్లు చూచుట మన ధర్మము.

ఇంకొక మాట. పరుల మందును చౌకగా చేయుట నేర్చితిమి. మన ప్రశ్నను మనము వేయుట నేర్వవలదా? చీనా దేశపు షెన్‌జెన్ నగరమున కనుగొనబడిన చిడమైడ్ అను హిస్టోను మందునకు 2014లో ఆ దేశమున అనుమతి లభించినది. 2017లో ప్రభుత్వము బేరమాడి వెల తగ్గించి దానిని జాతీయ భీమా పట్టికలో చేర్చినది. కనుగొనుటయు, అందించుటయు ఒక్క దేశమునందే, మూడేండ్ల యెడముతో జరిగినవి. మనకు బుద్ధిబలము లేదా? భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఎవరు? అమెరికాలో లెడర్లె పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున తయారైన అమినోప్టెరిన్‌తోనే ఫార్బర్ వైద్యుడు రక్తపు క్యాన్సరు పిల్లలలో వ్యాధిని తాత్కాలికముగా నైనను అణచగలిగినట్లు 1948లో ప్రకటించెను. ఆయన బృందము సాధించిన ఫోలిక్ ఆమ్లము దేహమందు మిథైలు గుంపుల సరఫరాకు ఆధారమైనది. అనగా మనమీ వ్యాసమున చెప్పుకొనుచున్న ముద్రల సిరా ఆ త్రోవనే వచ్చుచున్నది. అట్టివాడు పరదేశములో పనిచేయవలసివచ్చెను. నేటి సుబ్బారావులను గూడ మనము ఓడరేవు వఱకు సాగనంపి చేతులు దులుపుకొందమా? హైదరాబాదులో రసాయన పరిశోధనాలయములు కలవు, కర్మాగారములు కలవు, క్యాన్సరు ఆస్పత్రులు కలవు. ఈ మూడింటిని ఒక్క త్రాటిపై నడపు సంకల్పమే కావలసియున్నది.

కాబట్టి మా కోరికలు స్పష్టము. ప్రజాధనముతో పుట్టిన మందునకు ప్రజాధనపు లెక్క బహిరంగము కావలయును. 3(డి)లో నొక్క యక్షరమును కదల్పరాదు. అవసరమైనచోట తప్పనిసరి లైసెన్సుల నిచ్చుటకు జంకరాదు. ఏకస్వామ్యము తీఱిన ఎపిజెనెటిక్ మందులను సామూహికముగా కొని, జిల్లా ఆస్పత్రిలో సూది వేయు సదుపాయమును, రక్తనిధిని, పరీక్షాశాలను కల్పింపవలయును. తక్కువ మోతాదు, తక్కువ వ్యయము, తక్కువ ప్రయాణముతో చికిత్స యెట్లు సాగునో మన రోగులపై, మన వైద్యులు, ప్రభుత్వ వ్యయముతో పరీక్షింపవలయును. లాభమునకై పనిచేయువాడు తక్కువ మోతాదును పరీక్షింపడు. అది ప్రభుత్వమే చేయవలసిన పని.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులారా! మీ శాసనసభ్యుడు ఈసారి మీ వీధికి వచ్చినప్పుడు రోడ్డు, దీపము, కొళాయితోబాటు ఈ నాలుగు ప్రశ్నలు కూడ నడుగుడు. అతడు "అది డాక్టర్ల విషయము" అనునేని, ముద్ర యెక్కడ పడవలెనో చెప్పునది డాక్టరు. వెల యెక్కడ పడవలెనో చెప్పవలసినది ప్రజ యని స్పష్టముగా చెప్పుడు. తప్పు ముద్రపడిన జన్యువు మరల పలుకగలదని శాస్త్రము నిరూపించినది. భయముచేతను అజ్ఞానముచేతను నోటిపై ముద్ర వేసికొన్న ప్రజ పలుకదా?